అడవి క్యాంపుల పరిచర్యను పెంచాలంటే: తాడు ధర నుంచి రసీదు దాకా నిధుల సేకరణ

ఏడాదికి రెండు సాహస క్యాంపులు నడిపే యువజన పరిచర్య ఆరు క్యాంపులకు ఎదగాలనుకుంటే మన దగ్గర సాధారణంగా జరిగేది ఇదే. ఆదివారం ఆరాధన చివర్లో "పరిచర్య విస్తరణ కోసం ప్రార్థించండి, ప్రభువు ప్రేరేపించిన కొద్దీ ఇవ్వండి" అని ఒక ప్రకటన. యవనస్థుల వాట్సాప్ గ్రూపులో ఒక క్యూఆర్ కోడ్. మొదటి వారం కొంత వస్తుంది, మూడో వారానికి చప్పబడుతుంది. ఇచ్చేవాళ్లకు మనసు లేక కాదు. విస్తరణ అంటే ఏమిటో, ఎంతో, అందులో తన వెయ్యి రూపాయలు ఎక్కడ పడతాయో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

నెహెమ్యా రెండో అధ్యాయం ఒకసారి తిరగేయండి. యెరూషలేమును తిరిగి కట్టాలనుకున్న నెహెమ్యా, రాజు నీకేం కావాలని అడిగితే "మా పట్టణం కోసం ఏదైనా చేయండి" అనలేదు. ఎంతకాలం వెళ్తాడో చెప్పాడు, అధిపతులకు చీటీలు అడిగాడు, అడవులు కాసే ఆసాపు దగ్గర కలప అడిగాడు, ఆ కలప కోట గుమ్మాలకు, ప్రాకారానికి, తానుండబోయే ఇంటికి అని లెక్క చెప్పాడు. అడవిలో పని చేసే పరిచర్యకు ఇంతకంటే దగ్గరి పాఠం దొరకదు.

మొదటి మెట్టు: విస్తరణను వస్తువులుగా, జీతాలుగా, రోజులుగా విడగొట్టండి

ఒక నమూనా తీసుకుందాం. మూడు రోజులు, రెండు రాత్రుల క్యాంపు. 40 మంది యువత, 10 మంది సిబ్బంది. ఏడాదికి ఆరు క్యాంపులు. కింది ధరలు లెక్క ఎలా వేయాలో చూపడానికే. మీరు కనీసం ఇద్దరు అమ్మకందారుల దగ్గర కొటేషన్లు తీసుకుని మార్చుకోండి.

ఒక్కసారి కొనేవి:
- నలుగురు పట్టే టెంట్లు 14 (13 వాడకానికి, ఒకటి అదనం): 91,000
- పరుపు మ్యాట్, స్లీపింగ్ బ్యాగ్ 50 జతలు: 1,10,000
- 60 మీటర్ల డైనమిక్ తాళ్లు (పడితే కాస్త సాగి కుదుపు తగ్గించేవి) 4: 56,000
- హార్నెస్‌లు (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు) 12: 54,000
- హెల్మెట్లు 14: 42,000
- కారబినర్లు (తాడు తగిలించే కొక్కేలు), స్లింగులు (పట్టీ ఉచ్చులు), బిలే పరికరాలు (ఎక్కేవారి తాడును ఆపి పట్టేవి): 60,000
- వాకీటాకీలు, స్ట్రెచర్, ప్రథమ చికిత్స పెట్టెలు: 45,000
- వంట గిన్నెలు, నీటి ఫిల్టర్, టార్పాలిన్లు: 52,000

మొత్తం 5,10,000. ఇద్దరిని పర్వతారోహణ ప్రాథమిక కోర్సుకు, అడవిలో ప్రథమ చికిత్స శిక్షణకు పంపడానికి ప్రయాణంతో కలిపి 1,20,000 వేసుకోండి. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థ కోర్సులు దాదాపు నెల రోజులుంటాయి, సీట్లు ముందే నిండిపోతాయి. ఉద్యోగం చేసుకునే వాలంటీరుకు నెల సెలవు దొరకదన్న సంగతి చాలా బడ్జెట్లలో కనపడదు. ఆ నెల జీతం పోతే పరిచర్య ఇస్తుందా లేదా అన్నది ఇప్పుడే తేల్చండి.

ఒక్కో క్యాంపుకు అయ్యేది: భోజనం 50 మందికి మూడు రోజులు రోజుకు 350 చొప్పున 52,500, బస్సు 45,000, స్థలం, అనుమతులు, స్థానిక గైడ్లు 30,000, బయటి నుంచి తెచ్చే ముగ్గురు శిక్షకులు 22,500, బీమా 5,000, చిల్లర 10,000. మొత్తం 1,65,000. అంటే ఒక్కో యువకుడి మీద 4,125 రూపాయలు. ఈ అంకె మీ నోట్లో నానాలి, ఎందుకంటే దాత మొదట అడిగేది ఇదే.

ఫీజు సగం మంది దగ్గర 2,000, పావు వంతు దగ్గర 1,000, మిగతా పావు వంతుకు ఉచితం అనుకుంటే క్యాంపుకు 50,000 వస్తుంది. ఆరు క్యాంపుల ఖర్చు 9,90,000లో ఫీజులు 3,00,000 పోను లోటు 6,90,000. దీనికి పూర్తికాలం సమన్వయకర్త జీతం 3,00,000, సామాను మార్పిడి నిధి (పాతబడ్డవాటి చోట కొత్తవి కొనడానికి) 1,00,000 కలపండి. ఏటా కావాల్సింది 10,90,000.

సామాను మార్పిడి నిధిని కొట్టేయాలని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. అప్పుడు వాడిన పాత తాడు ఒకటి బల్ల మీద పెట్టండి. వేళ్ల మధ్య పట్టుకుని వంచితే మంచి తాడు గుండ్రంగా వంగి మధ్యలో కంత మిగులుతుంది. లోపలి పోగులు చచ్చిన తాడు ఆ చోట కాగితంలా మడతపడి రెండు వైపులూ ఒకదానికొకటి అంటుకుంటాయి. పై తొడుగు నూగులేస్తే కంటికి కనపడుతుంది, లోపలి చావు చేతికే తెలుస్తుంది. తాడు, హార్నెస్ అసలు వాడకపోయినా తయారీ తేదీ నుంచి పదేళ్లకు మించి ఉంచరు. తరచు వాడితే అంతకంటే చాలా ముందే తీసేస్తారు. పెద్దల చేతికి ఆ తాడు ఒకసారి ఇస్తే లక్ష గురించి మళ్లీ వాదన రాదు.

ఒక్కసారి ఖర్చు 6,30,000, మొదటి ఏడాది నడపడానికి 10,90,000, కలిపి 17,20,000. దాని మీద పది శాతం, 1,72,000, అత్యవసర నిధి. మొత్తం 18,92,000. అత్యవసర నిధి లేని బడ్జెట్ తుపాను ఒక్క క్యాంపు రద్దు చేయించినా కూలిపోతుంది: బస్సు అడ్వాన్సు తిరిగి రాదు, ఫీజులు మాత్రం తిరిగి ఇవ్వాలి.

భూమి గురించి ఒక హెచ్చరిక

విస్తరణ అనగానే "సొంత క్యాంపు స్థలం" అన్న కోరిక పుడుతుంది. అరకు, పాడేరు, మారేడుమిల్లి వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదిలీ చట్టం, జనం నోట 1/70, గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధిస్తుంది. స్థానిక విశ్వాసి పేరు మీద కొని పరిచర్య వాడుకోవడం ఆ చట్టానికి దొడ్డిదారే, దాత డబ్బుతో ఆ పని చేయకూడదు. అటవీ భూమి సంగతి చెప్పనే అక్కర్లేదు. మొదటి మూడేళ్లు స్థలం అద్దెకే తీసుకోండి. కొండ ఎక్కడం నేర్పడానికి భువనగిరి కోట బండ లాంటి పేరున్న చోట్లున్నాయి, అక్కడి నిర్వాహకుల అనుమతితో పని జరుగుతుంది. భూమి కోసం ప్రకటన చేసి డబ్బు వసూలు చేసి, కొనలేక ఏళ్ల తరబడి ఖాతాలో ఉంచుకున్న పరిచర్యకు తర్వాత తాడు కోసం అడిగే నోరు ఉండదు.

రెండో మెట్టు: ఏ డబ్బు ఏ జేబులోకి

ఎక్కువ పరిచర్యలు పడిపోయేది ఇక్కడే. తెచ్చేవాళ్లు మంచివాళ్లే, డబ్బూ మంచిదే, వెళ్లిన ఖాతా తప్పు.

ముందు సంస్థ. సొసైటీ గానీ, ట్రస్టు గానీ, సెక్షన్ 8 కంపెనీ (లాభం పంచుకోని కంపెనీ) గానీ మీ పరిచర్య పేరున ఉండాలి. పాన్, బ్యాంకు ఖాతా ఆ పేరునే ఉండాలి. పాస్టరుగారి సొంత ఫోన్ నంబరుకు గూగుల్ పే చేయించుకుంటే అది చట్టం దృష్టిలో ఆయన సొంత రాబడిగా కనపడొచ్చు; నిజాయితీపరుడైన మనిషిని ఊరికే ఇరుకున పెట్టినట్టు.

తర్వాత ఆదాయపు పన్ను. 12ఏబీ నమోదు ఉంటే సంస్థ ఆదాయానికి మినహాయింపు. 80జీ ఆమోదం ఉంటే దాతకు మినహాయింపు. ఈ రెండూ ఒకటేనని అనుకునేవాళ్లు చాలామంది. మతపరమైన సంస్థకు 12ఏబీ దొరుకుతుంది. 80జీ మాత్రం ఏదో ఒక మత సమాజం మేలు కోసమే ఏర్పడిన సంస్థకు రాదు. వచ్చిన సంస్థ కూడా మతపరమైన పనులకు ఆ ఏడాది ఆదాయంలో 5 శాతానికి మించి ఖర్చు పెట్టకూడదు. పొద్దునా రాత్రీ వాక్య ధ్యానం ఉండి అదే క్యాంపుకు గుండెకాయ అయినప్పుడు ఆ ఖర్చు 5 శాతంలో ఇమడదు. కాబట్టి 80జీ మీద ఆశ వదిలేసి దాతకు ఆ మాట ముఖం మీదే చెప్పండి. పెద్ద నష్టమేమీ లేదు: ఉద్యోగుల్లో చాలామంది ఇప్పుడున్న కొత్త పన్ను విధానంలో 80జీ మినహాయింపు ఎలాగూ ఉండదు. (2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా ఉన్న 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. ఇక్కడ వాడింది అందరికీ అలవాటైన పాత పేర్లే.)

80జీ ఉన్న సంస్థ అయితే మూడు జాగ్రత్తలు. 2,000 రూపాయలు దాటిన నగదుకు దాతకు మినహాయింపు రాదు. దాతల వివరాలు ఫారం 10బీడీలో మే 31లోగా దాఖలు చేసి, 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. మూడోది కానుకల సంచి: పేరు లేని విరాళాలు మొత్తం విరాళాల్లో 5 శాతం, లక్ష రూపాయలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువో దాన్ని మించితే సేవా ట్రస్టుకు ఆ పై మొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది. కవర్ల మీద పేరు, పాన్ రాయించడం చాదస్తం కాదు.

సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా ఇచ్చే నిధుల గురించి తక్కువ మాటల్లో: మతపరమైన కార్యక్రమాలకు అవి రావు. బైబిల్ ధ్యానాన్ని "విలువల విద్య" అని పేరు మార్చి కంపెనీకి ప్రతిపాదన పంపాలన్న సలహా ఎవరిచ్చినా వినకండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు

కోనసీమ నుంచి కువైట్, ఖతార్ వెళ్లినవాళ్లు, హైదరాబాద్ నుంచి డల్లాస్ వెళ్లినవాళ్లు మొదట గుర్తొస్తారు. ఇక్కడ పాస్‌పోర్టే హద్దు. భారత పౌరుడిగానే ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైలులో పెట్టుకుంటే చాలు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) మీద ఉన్న బాబాయి పంపితే మాత్రం విదేశీ విరాళమే, ఆయన ఎంత తెలుగువాడైనా సరే.

తరచూ జరిగే పొరపాటు ఇలా ఉంటుంది. అక్కడి సంఘం కూడిక పెట్టి 5,000 డాలర్లు పోగు చేస్తుంది. "అన్నా, నీది ఇండియన్ పాస్‌పోర్టే కదా, నీ ఖాతా నుంచి పంపెయ్" అంటారు. డబ్బు అసలు మూలం ఆ సంఘం కాబట్టి అది విదేశీ విరాళమే. వస్తువులదీ అదే దారి: సెలవుకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో సంస్థ కోసం తెచ్చే ఇరవై హార్నెస్‌లు కూడా విదేశీ విరాళం లెక్కలోకే వస్తాయి, పైగా కస్టమ్స్ ఉంటుంది.

విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉండాలి. దానికి సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో లక్ష్య కార్యకలాపాల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి. అంత లేనివాళ్లు ఒక నిర్దిష్ట దాత, నిర్దిష్ట మొత్తం, నిర్దిష్ట పని చూపించి ముందస్తు అనుమతి అడగవచ్చు. 2020 సవరణ తర్వాత డబ్బు మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు, వచ్చిన డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదు. అందుకే "ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ ద్వారా మీకు తెప్పిస్తాం" అనే మాట ఇప్పుడు చెల్లదు. ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలు ఉంది. దరఖాస్తులో మతపరమైన కార్యక్రమం అనే విభాగం ఉంది. మీ పని అదైతే అదే ఎంచుకోండి.

మూడో మెట్టు: భద్రత ఫైలు

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి ఆనకట్ట నీరు వదిలినప్పుడు హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగింది. తెలుగు తల్లిదండ్రులకు ఇవి గుర్తున్నాయి, దాతలకూ గుర్తున్నాయి. డబ్బు అడగబోయే ముందే ఒక సన్నటి ఫైలు తయారుగా ఉంచండి: ఎవరికి ఏ శిక్షణ, సర్టిఫికెట్ తేదీలు, ప్రతి తాడు, హార్నెస్ కొన్న తేదీ, తనిఖీ తేదీ, దగ్గరి ఆసుపత్రి ఎన్ని నిమిషాల దూరం, ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది, ఎగువన ఆనకట్ట ఉన్న ఏ వాగులోకీ పిల్లల్ని దించమన్న రాత హామీ, పెద్దవాళ్లు ఎవరూ ఒంటరిగా ఒక పిల్లవాడితో ఉండకూడదన్న నియమం, 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి పత్రం, తెలుగులో, క్యాంపులో ఆరాధన, వాక్య ధ్యానం ఉంటాయని స్పష్టంగా రాసి.

బీమా పాలసీ చదవండి. గుంపుకు తీసుకునే ప్రమాద బీమాల్లో చాలావాటిలో సాహస క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. చెల్లించిన 5,000 అప్పుడు వృథా.

నాలుగో మెట్టు: రెండు జాబితాలు, రెండు రకాల అడగడం

ఒక్కసారి ఖర్చు, అత్యవసర నిధి కలిపి సుమారు 8 లక్షలు. దీన్ని చిన్న చిన్న విరాళాలతో నింపబోకండి. రెండు లక్షలు ఇచ్చేవారు ఒకరు (కొండ ఎక్కే సామాను దాదాపు మొత్తం), లక్ష ఇద్దరు, యాభై వేలు నలుగురు, ఇరవై ఐదు వేలు ఎనిమిది మంది. పదిహేను విరాళాలు. ఒక్కోదానికి ముగ్గురిని అడగాల్సి వస్తుందనుకుంటే 45 పేర్లు కావాలి. పేర్లు 45 రాకపోతే మీ లక్ష్యం పెద్దదైందని అర్థం. సామానుతో మొదలుపెట్టి శిక్షణ మరుసటి ఏడాదికి జరపండి.

ఏటా వచ్చే ఖర్చు 10,90,000, అంటే నెలకు దాదాపు 91,000. ఇది నెలనెలా ఇచ్చే భాగస్వాములది. 500 ఇచ్చేవారు 80 మంది, 1,000 ఇచ్చేవారు 35 మంది, 2,000 ఇచ్చేవారు 8 మంది: సరిగ్గా 91,000. పదింట ఒకరిద్దరు మధ్యలో జారిపోతారు కాబట్టి 123 మంది కాదు, 140 మందిని చేర్చుకోండి. ఆటోపే పెట్టించండి, నెలనెలా గుర్తు చేయడం అడిగేవాడికీ ఇచ్చేవాడికీ మొహమాటమే. ఒక పెద్ద దాత ఇచ్చిన మూడు లక్షలతో సమన్వయకర్తను నియమిస్తే పదమూడో నెల ఆ కుటుంబం రోడ్డున పడుతుంది. జీతం నెలవారీ డబ్బుతోనే.

పెద్ద మొత్తం అడగడానికి ఇంటికి వెళ్లాలి, ఇద్దరు వెళ్లాలి, సంఘ కాపరికి ముందే చెప్పి వెళ్లాలి. ఆయనకు తెలియకుండా ఆయన సంఘ సభ్యుల దగ్గరకు వెళ్తే ఆ ఊళ్లో తలుపు మూసుకున్నట్టే. మాట సూటిగా: "అన్నా, 12 హార్నెస్‌లు, 14 హెల్మెట్లు కొనాలి. 96,000 అవుతుంది. ఇదిగో కొటేషన్. ఇందులో మీరు ఏదైనా భరించగలరా?" అని ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక "ఎంతైనా పర్లేదన్నా, ప్రార్థించండి చాలు" అని మీరే అనేస్తే 96,000 అక్కడే 5,000 అవుతుంది. ఆయన "చూద్దాం" అంటే ఎప్పుడు ఫోన్ చేయమంటారో తేదీ అడిగి లేవండి.

సంఘంలో అయితే ఏడు నిమిషాల సమయం అడగండి, ప్రసంగం కాదు. ఒక హెల్మెట్, ఒక తాడు వేదిక మీద పెట్టి, క్యాంపుకు వెళ్లొచ్చిన ఒకరితో రెండు నిమిషాలు మాట్లాడించండి. వయసు 18లోపు ఉంటే ఇంటి అనుమతి తీసుకోండి. పిల్లల పేదరికాన్ని వేదికెక్కించి కానుకలు రాబట్టకండి.

కోత పండుగ వేలం మంచి అవకాశం. గుమ్మడికాయ, కోడిపుంజు పక్కన "ఒకరి క్యాంపు ఖర్చు 4,125" అని రాసిన కార్డులు పెట్టమని స్త్రీల సమాజాన్ని అడగండి. కార్డు కొన్నవారికి ఏ నెల క్యాంపో రాసివ్వండి.

ఐదో మెట్టు: కాలెండరు

క్యాంపులు అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు. మేలో ఎండ, వీబీఎస్ (సెలవుల్లో పిల్లల బైబిలు బడి). జూన్ నుంచి సెప్టెంబరు వానలు, జారే బండలు. వెనక నుంచి లెక్కేస్తే జనవరిలో బడ్జెట్, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పెద్ద దాతల ఇళ్లు, జూలైలో సామాను ఆర్డరు, ఆగస్టులో శిక్షకులతో తనిఖీ. నెలవారీ భాగస్వాముల ప్రచారం జూన్‌లో వద్దు, బడి ఫీజుల నెల. డిసెంబరు కూడా వద్దు: సెమీ క్రిస్మస్‌లు, కొత్త బట్టలు, సంఘం ఖర్చులతో జేబులు ఖాళీగా ఉంటాయి. జనవరి రెండో వారం నుంచి మొదలుపెట్టండి.

మార్చిలో వచ్చి అక్టోబరులో ఖర్చయ్యే డబ్బుతో ఒక చిక్కుంది. సంస్థ ఆ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు చేయాలన్నది నియమం. మిగిల్చి పెట్టాలంటే దానికి తగిన ఫారం గడువులోగా వేయాలి. ఆడిటర్‌ని కలిసేది సెప్టెంబరులో కాదు, ఫిబ్రవరిలో.

ఆరో మెట్టు: ఇచ్చినవారికి తిరిగి చెప్పడం

కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు కానుకను ఒంటరిగా మోసుకెళ్లలేదు, ఎవరూ తప్పు పట్టకుండా మనుషుల దృష్టిలోనూ జాగ్రత్త పడ్డాడు. మీ దగ్గర కూడా డబ్బు లెక్కపెట్టేవారు ఇద్దరు, చెక్కుల మీద సంతకాలు రెండు, భార్యాభర్తలు కాని ఇద్దరివి.

రసీదు 48 గంటల్లో వెళ్లాలి: వరుస సంఖ్య, తేదీ, దాత పూర్తి పేరు, పాన్, మొత్తం, ఎలా చెల్లించారు, దేనికోసం. "దేనికోసం" అన్న గడిలో "పరిచర్య" అని రాస్తే రాయనట్టే. "హార్నెస్‌లు 4" అని రాయండి. ఒక పనికి తెచ్చిన డబ్బు మరో పనికి కావాల్సొస్తే దాతకు ఫోన్ చేసి, ఒప్పుకున్నాక ఆ మాట వాట్సాప్‌లోనైనా రాతలో తీసుకోండి.

క్యాంపు అయిన 30 రోజుల్లో ఒకే పేజీ నివేదిక. ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చయింది, అనుకున్నదానికి ఎంత తేడా, ఎందుకు. ఎంతమంది రక్షణ పొందారన్న, అంటే క్రీస్తును నమ్ముకున్నారన్న అంకెను పెంచి రాసే అలవాటు మన పరిచర్యల్లో ఉంది, మానుకోండి. దెబ్బలు తగిలిన సంగతి దాచకండి: "ఒకరికి మడమ బెణికింది, రెండో రోజు నడక ఆపించాం, ఎక్స్‌రే మామూలుగా ఉంది" అన్న వాక్యం నివేదికలో కింద ఎక్కడో కాదు, మొదటి సగంలో ఉండాలి. ఫొటోల్లో హెల్మెట్ లేకుండా తాడు మీద వేలాడే పిల్లవాడు ఒక్కడు కనపడినా ఆ ఫొటో పంపే ముందు ఆ శిక్షకుణ్ని పిలిచి మాట్లాడండి.